ఒకే పేరున రెండు పిలుపులు

మార్చి 3

టీచరమ్మా,

ఈ కాలంలో ఉత్తరమేమిటని ముక్కున వేలేసుకోకు. ఫోన్ చేస్తే మనిద్దరిలో ఎవరో ఒకరం రెండో మాటకే ఏడుపు మొదలుపెడతాం, రెండోవాళ్లం అందుకుంటాం, అడగాల్సింది అడక్కుండానే పెట్టేస్తాం. మీ అన్నయ్య పోయినప్పటి నుంచీ ఇదే వరస. కాగితం మీద ఏడిస్తే నాలుగు అక్షరాలు అలుక్కుపోతాయేమో గానీ మాట ఆగదు. అందుకని ఇకనుంచి నీతో కంప్యూటర్ సంగతులన్నీ ఉత్తరాల్లోనే.

అత్తయ్య పొద్దుటి మాత్రను డాక్టరు ఎనిమిది నుంచి ఏడుకు మార్చాడు. ఆవిడకు చూపు లేదు కాబట్టి గడియారంతో పనిలేదు, నా మాటేమో ఎప్పుడూ లెక్కలోకి రాదు. "వాడు పిలిచాక వేసుకుంటాలే" అంటుంది. కొత్తవాళ్లెవరైనా వింటే హడలిపోతారు. ఆవిడ మంచం పక్క గోడకు ఆయన బిగించిన స్పీకర్ రోజూ ఎనిమిదింటికి ఆయన గొంతుతోనే, "అమ్మా, మాత్ర వేళయింది. నీళ్లు కుడిచేతి పక్కనే ఉన్నాయి. లేచి కూర్చుని మింగు, పడుకుని మింగకు" అంటుంది. ఆవిడ "సరేరా" అని లేచి కూర్చుంటుంది. అది మెషీనని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ కాసేపూ ఇంట్లో ముగ్గురం ఉన్నట్టుంటుంది.

లిఫ్టులు బాగుచేసుకునే మనిషికి ఈ ప్రోగ్రాముల పిచ్చి అంటించింది నువ్వే, కాబట్టి చిక్కుముడి విప్పే పూచీ కూడా నీదే. ఆయన మూడు ఫైళ్లు రాశాడు: అమ్మ, మేడమ్, ఇల్లు. మొదటి రెండింట్లో పిలుపులు, ఇల్లేమో వాటిని వేళకు మోగించేది. మేడమ్ అంటే నేనేనని నీకు తెలుసు కదా. ఆయన తెల్లవారుజామునే డ్యూటీకి పోతూ, వెనకాల నన్ను లేపడానికి పెట్టిన పిలుపు అందులో ఉంది. ఆయన పోయాక దాన్ని మోగనివ్వలేదు. ఇల్లు ఫైల్లో దాన్ని మోగించే వరసను నేనే కొట్టేశాను.

ఇప్పుడు ఇల్లు ఫైల్లో 'మొదలు' అనే ఫంక్షన్ లోపలికి పోయి వేళ = 7 అని రాశాను. మర్నాడు మళ్లీ ఎనిమిదింటికే పిలిచింది. ఇంకా పెద్దగా, రెండుసార్లు రాశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. నా తప్పెక్కడో చెప్పు. ఇక్కడ స్కూలు యూనిఫారాలు కొండలా పడి ఉన్నాయి, తొందరగా రాయి.

కుట్టు మెషీన్‌తో ఒక పూట, ఈ మెషీన్‌తో ఒక పూట మొత్తుకుంటున్న
నీ వదిన


మార్చి 9

వదినా,

పిల్లలకు లెక్క ఒకటి ఇచ్చి, బల్ల చాటున నీ ఉత్తరం చదువుకున్నాను. రెండుసార్లు రాశానన్నచోట నవ్వు ఆపుకోలేకపోయాను. పిల్లలంతా తలెత్తి చూశారు.

నువ్వు రాసినదాంట్లో తప్పు లేదు, రాసిన చోటు వేరు. ఫంక్షన్ అంటే ఒక పని కోసం కలిపి రాసిన కొన్ని వరసలు. దాని లోపల ఒక పేరుకు విలువ ఇస్తే, ఆ పేరు ఆ ఫంక్షన్‌కే సొంతం. అది నడిచినంతసేపూ ఉంటుంది, పని ముగియగానే పోతుంది. బయట అదే పేరుతో ఇంకొకటి ఉన్నా దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఒక పేరు ఎంత మేరకు చెల్లుతుందో ఆ మేరనే మేం స్కోప్ అంటాం. నువ్వు 'మొదలు'లో రాసిన వేళ అక్కడే పుట్టి అక్కడే పోయింది. పిలిచే ఫంక్షన్ చూసేది దాన్ని కాదు, అమ్మ ఫైల్లో ఉన్న వేళను. అక్కడ ఇంకా ఎనిమిదే ఉంది.

కాబట్టి అమ్మ ఫైలు తెరిచి, పైవరసలో ఎనిమిదిని ఏడు చెయ్యి. 'మొదలు'లో రాసింది తీసెయ్యి. ఇంకో మాట. ఏ ఫైలు పేర్లు ఆ ఫైలువే. అన్నయ్య ఇల్లు ఫైల్లో ఎక్కడ చూసినా అమ్మ.వేళ, అమ్మ.పిలుపు అని ఫైలు పేరు, చుక్క, ఆ తర్వాత అసలు పేరు రాసి ఉంటాడు. నీకు చాదస్తంగా కనబడుతుంది, అయినా అలాగే ఉంచు.

అక్కడే పుట్టి అక్కడే పోయింది అని రాశాక కాసేపు కలం పక్కన పెట్టాను. ఏటా క్లాసులో చెప్పే మాటే, ఎప్పుడూ ఇలా తగల్లేదు.

నేను అమ్మకు రోజూ ఎనిమిదింటికి ఫోన్ చేస్తున్నాను కదా, ఇక ఏడింటికి చేస్తాను. ఎందుకని అడక్కు.

నీ ఆడపడుచు


మార్చి 16

టీచరమ్మా,

పనిచేసింది! ఏడు కొట్టగానే మీ అన్నయ్య పిలిచాడు. అత్తయ్య "ఇవాళ తొందరగా వచ్చావేరా" అంది. నేను గుమ్మంలో నిలబడి చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను.

నీ పాఠాన్ని నా కొలతకు కత్తిరించుకున్నాను, విను. నా దగ్గర ఒక్కో మనిషి బట్టలు ఒక్కో మూట. మూటకి ఆ మనిషి కొలతల చీటీ గుచ్చి ఉంటుంది. ప్రతి చీటీలోనూ నడుముంటుంది, చెయ్యుంటుంది. ఉత్తినే 'నడుము ముప్ఫై' అంటే ఎవరి నడుమని? బ్యాంకావిడదా, డ్రిల్లు మాస్టారిదా? అందుకే ముందు మనిషి, తర్వాత నడుము. ఇన్నేళ్లలో ఒకరి చీటీ ఇంకొకరి మూటకు గుచ్చిన పాపాన పోలేదు నేను. ఇంత చిన్న సంగతికి మీరు స్కోప్ అనీ ఇంకేదో అనీ పేర్లు పెట్టుకుని జీతాలు తీసుకుంటారు, అదృష్టవంతులు.

కానీ చుక్కల దగ్గర మాత్రం నీతో నాకు పేచీ ఉంది. డాక్టరు వచ్చే నెల నుంచి సాయంత్రానికి కూడా ఒక మాత్ర కలుపుతానన్నాడు, ఆ వరసలు ఇప్పుడే రాసి పెడదామనుకున్నాను. దాంతో వరస వరసకీ అమ్మ చుక్క, అమ్మ చుక్క అని కొట్టలేక వేళ్లు పడిపోయాయి. పుస్తకంలో వెతికితే ఒక చిట్కా దొరికింది. ఇప్పుడు ఒక్క చుక్క కూడా లేకుండా నడుస్తోంది. ఏమిటో చెప్పను. నువ్వొచ్చినప్పుడు చూపించి నీ నోరు మూయిస్తాను.

ఇల్లు ఫైల్లో పైన, మేడమ్ ఫైలును తెచ్చుకునే వరస ఇంకా ఉంది, దాన్నీ అదే చిట్కాతో రాశాను. ఇప్పుడు దానితో పనేమీ లేదు. తీసేద్దామని మీట మీద వేలు పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఉంటే ఉంటుంది, తిండి పెట్టమంటుందా?

ఇంత పొద్దున్నే ఫోనెందుకమ్మా నీకు, కోడి కంటే ముందు లేస్తున్నావా?

నీ వదిన


మార్చి 25

వదినా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించేశాను. మూడోది పంపుతున్నాను.

ఏడింటికి ఫోనెందుకని అడిగావు కదా, చెబుతాను. అమ్మ ఫోనెత్తి చెవి దగ్గర పెట్టుకోగానే వెనకాల అన్నయ్య గొంతు వినబడుతుంది. "అమ్మా, మాత్ర వేళయింది." దూరంగా, గరగరమంటూ వస్తుంది, అయినా అది వాడి గొంతే. దాని కోసమే ఇన్నాళ్లూ ఫోన్ చేశాను. అమ్మకు ఒక ఫైలుంది, నీకొక ఫైలుంది. వాడికి ఈ విద్య నేర్పిన చెల్లెలి పేరు మీద ఏమీ లేదు. అమ్మ పిలుపులోంచి చాటుగా నా వంతు నేను తీసుకుంటున్నాను, అంతే.

పోయిన వారం నుంచి ఆ పిలుపు లేదు. అమ్మ గదిలో, అమ్మ మాత్ర వేళకు, "మేడమ్‌గారూ" అని వినబడింది. మొదటి రోజు నా చెవులు నేనే నమ్మలేదు. రెండో రోజూ అదే. అమ్మను అడిగితే "ఏమీ లేదే, రేడియో" అంది. అమ్మ చేత అబద్ధం చెప్పించేంత పని ఏం చేశావు వదినా?

నువ్వు మోగనివ్వలేదన్న పిలుపు అమ్మ గదిలోకి ఎలా వచ్చింది? నీకది వినాలనిపిస్తే తప్పు లేదు. కానీ అమ్మది తీసేసి దాని చోట నీది పెట్టుకోవడమేమిటి? వాడు 'అమ్మా' అన్న రికార్డు లోకం మొత్తం మీద అదొక్కటే. దాన్ని చెరిపేశావా? చెరపలేదని ఒక్క ముక్క రాయి, చాలు. చెరిపేసి ఉంటే మాత్రం ఏమీ రాయకు.


ఏప్రిల్ 1

ఆడపడుచుగారికి,

మీరు సంతకం కూడా పెట్టలేదు. అయినా నేను జవాబు రాస్తున్నాను.

పొద్దుట ఏడింటికి నేను ముందుగదిలో మెషీన్ మీద ఉంటాను. మోటారు హోరులో పక్కింట్లో పెళ్లి జరిగినా నాకు వినబడదు. అత్తయ్య కొన్నాళ్లుగా డీలాగా ఉంటోంది. అడిగితే "వాడు నన్ను పిలవడం మానేశాడే" అని ఒక్క మాట అంది. మనసు బాగాలేక అంటోందనుకున్నాను. మీ ఉత్తరం చదివాక మర్నాడు మెషీన్ ఆపి, ఏడింటికి ఆవిడ గది గుమ్మంలో నిలబడ్డాను.

విన్నాను. ఆయన పోయాక నేను దాన్ని వినడం అదే మొదలు. ఏ పొద్దున్నయినా నా అంతట నేను గుండె చిక్కబట్టుకుని విందామని దాచుకున్నదాన్ని, అలా గుమ్మంలో, చేతిలో మీ ఉత్తరంతో వినాల్సి వచ్చింది. ప్లగ్గు పీకేశాను. అత్తయ్య "ఎందుకు తీశావు" అని కేకేసింది.

ఆ తర్వాత దుప్పటి దులిపితే తలగడ కింద తెల్ల మాత్రలు బయటపడ్డాయి. పిలుపు మారినప్పటి నుంచీ ఆవిడ పొద్దుటి మాత్ర వేసుకోనేలేదు. మొన్న స్నానాలగది ముందు కళ్లు తిరిగి పడబోతే పట్టుకున్నాను. డాక్టరు వచ్చి ఇలాగే సాగితే ఆసుపత్రిలో పెట్టాల్సిందేనన్నాడు. నేను గంట కొట్టినట్టు చెబుతున్నా ఆవిడ నోరు తెరవడం లేదు.

నేనేదీ చెరపలేదు. చెరిపానేమో కూడా నాకు తెలియదు. రెండూ నిజమే. అమ్మ ఫైలు తెరిచి చూడాలంటే ధైర్యం చాలడం లేదు, అందులో ఏమీ లేకపోతే ఆ ముసలావిడకు నేనేం చెప్పాలి? ఇల్లు ఫైలు మొత్తం చూసి రాసి దీనితో జత చేస్తున్నాను. పైన మీకు చెప్పకుండా దాచిన చిట్కా కూడా ఉంది. చదివి తీర్పు చెప్పండి. మీ అమ్మగారు, మీ అన్నయ్య. నేనేగా మధ్యలో వచ్చినదాన్ని.

ఇట్లు,
మేడమ్


ఏప్రిల్ 8

వదినా, వదినా,

ముందు ఇది చదువు: ఏదీ పోలేదు. అమ్మ పిలుపు పెట్టినచోట పెట్టినట్టే ఉంది. భయపడకుండా అమ్మ ఫైలు తెరువు.

నువ్వు చూసి రాసిన కాగితంలో మొదటి రెండు వరసలు చూడగానే విషయం తెలిసిపోయింది.

ఫ్రమ్ అమ్మ ఇంపోర్ట్ *
ఫ్రమ్ మేడమ్ ఇంపోర్ట్ *

ఇదా నీ చిట్కా! ఇంపోర్ట్ అంటే తెచ్చుకోవడం, ఆ నక్షత్రం గుర్తుకు అర్థం, ఆ ఫైల్లోని పేర్లన్నీ చుక్క లేకుండా ఇక్కడికి రావాలని. నీ భాషలో చెప్పాలంటే, మొదట అమ్మ మూట విప్పి బల్ల మీద పోశావు. తర్వాత అదే బల్ల మీద మేడమ్ మూట కూడా విప్పావు. 'పిలుపు' అనే పేరు రెండింటిలోనూ ఉంది. ఒకచోట ఒక పేరు ఒక్కదాన్నే చూపించగలదు, కాబట్టి తర్వాత వచ్చినదే నిలిచింది. మేడమ్ ఫైల్లో వేళ అనే పేరు లేదు. అన్నయ్య డ్యూటీ వారానికోలా మారేది కాబట్టి ఆ వేళను ఎప్పటికప్పుడు ఇల్లు ఫైల్లోనే చేత్తో మార్చుకునేవాడు. అందుకే వేళ అమ్మదే మిగిలింది, పిలుపు నీదయింది. ఏడింటికి, అమ్మ గదిలో, నీ పిలుపు.

కానీ ఇదంతా ఇల్లు ఫైల్లో జరిగిన గందరగోళం. అమ్మ ఫైలు లోపల ఆ పేరు తన పిలుపునే చూపిస్తోంది, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ప్రతి ఫైలూ తన పేర్లను తన దగ్గరే ఉంచుకుంటుంది, దాన్నే మేం నేమ్‌స్పేస్ అంటాం. బయట ఎంత కలగాపులగమైనా లోపలిది చెదరదు. ఆ రెండు వరసలూ తీసేసి అన్నయ్య రాసినట్టే ఇంపోర్ట్ అమ్మ, ఇంపోర్ట్ మేడమ్ అని రాయి. కింద ప్రతిచోటా అమ్మ.పిలుపు, అమ్మ.వేళ అని పూర్తి పేరు పెట్టు. వేళ్లు నొప్పి పుడితే నన్ను తిట్టుకో.

పనిలేని ఫైలును ఎందుకు తెచ్చుకున్నారని పిల్లలకైతే మార్కులు కోస్తాను. నువ్వెందుకు ఉంచావో మార్చి ఉత్తరంలోనే రాశావు. తీసేద్దామని వేలు పెట్టి వెనక్కి తీసుకున్నానన్నావు. నేను దాన్ని చదివి, తిండి పెట్టమంటుందా అన్న మాటకు నవ్వి ఊరుకున్నాను. ఆ వరస తీసేసి ఉంటే ఏ గొడవా లేకపోయేది. నీ స్థానంలో నేనున్నా తీసేదాన్ని కాదు.

నేను రాసిన ఉత్తరం చించెయ్యి. కోపం నీ మీద కాదు. వాడు నాకంటూ ఏమీ వదలలేదని దుఃఖం. అది ఎవరి మీద చూపించాలో తెలియక నీ మీద చూపించాను. సిగ్గుగా ఉంది వదినా. నన్ను 'మీరు' అనొద్దు, చచ్చిపోయినట్టుంది.

అమ్మ రేడియో అని ఎందుకు అబద్ధమాడిందో మాత్రం నాకింకా అర్థం కాలేదు. అడిగి రాయి. అమ్మను ఆసుపత్రికి పంపకు, ముందు ఇది సరిచేసి చూడు.

నీ
టీచరమ్మ


ఏప్రిల్ 17

టీచరమ్మా,

సరే, 'నువ్వు'లోకి దిగాను. ఇన్నేళ్ల ఆడపడుచువి, ఒక్క ఉత్తరానికి నిన్ను వదులుకుంటానా? ఆ ఉత్తరం చించలేదు. నీకు పెళ్లయి నీకూ ఒక ఆడపడుచు వచ్చిన రోజున చదివి వినిపిస్తాను.

ప్లగ్గు మళ్లీ పెట్టి, చెప్పినట్టే చేశాను. ఒక్కో వరసలో అమ్మ, చుక్క, అమ్మ, చుక్క. కొడుతుంటే ఆయన గుర్తొచ్చాడు. రాస్తూ రాస్తూ, "ఇక్కడ పొట్టిగా రాస్తే టీచరమ్మ కోప్పడుతుంది" అని తనలో తాను గొణుక్కునేవాడు. నేను టీ గ్లాసు పక్కన పెడుతూ, ఉద్యోగం లిఫ్టులకా చెల్లెలికా అని ఎగతాళి చేసేదాన్ని. నీ పేరు మీద ఫైలు లేదన్నావు, నిజమే, లేదు. ఉందని చెప్పి నిన్ను ఊరడించను. కానీ ఆ ఇల్లు ఫైల్లో ప్రతి చుక్కా నీకు భయపడి పెట్టినదే. ఇది నీకు చాలదని తెలుసు. నాకు తెలిసింది చెప్పాను.

మర్నాడు ఏడింటికి "అమ్మా, మాత్ర వేళయింది" అని రాగానే అత్తయ్య లేచి కూర్చుంది. సరేరా అనలేదు. మాత్ర మింగింది, గ్లాసు కిందపెట్టింది, అటు తిరిగి పడుకుంది. నాకు ఒళ్లు మండింది. ఇంత చేస్తే కనీసం ఒక మంచి మాట లేదు కదా అనుకుని అడిగేశాను.

"అత్తయ్యా, ఇన్నాళ్లూ మాత్రలు తలగడ కింద ఎందుకు దాచారు? ఆ రేడియో అబద్ధమేమిటి?"

ఆవిడ మళ్లీ ఇటు తిరిగింది. తర్వాత, "నువ్వు ఏమీ అనుకోనంటే చెబుతా" అంది.

"అనుకోను, చెప్పండి."

"మొదటి రోజు అది వినబడగానే నాకు తెలిసిపోయింది, అది నీకు చెప్పిన మాటని. అత్తగారు వినగూడని మాట. చెవులు మూసుకుందామనుకున్నా, చేతులు రాలేదు. వాడు నవ్వుతున్నాడే అమ్మాయ్! మాటమాటకీ నవ్వుతున్నాడు. నా కళ్లు పోయాక వాడు నా దగ్గర ఎప్పుడు నవ్వాడు? అమ్మా పడిపోతావు, అమ్మా మాత్ర, అమ్మా నీళ్లు. పాపం, వాడికి నా గురించి భయం తప్ప ఏమీ మిగల్లేదు. వాడు ఇంట్లో సంతోషంగా ఉన్నాడో లేదోనని నేను ఎన్నిసార్లు అనుకున్నానో! ఎవరిని అడగను? నీకు చెబితే సిగ్గుపడి తీసేస్తావు. అందుకే రేడియో అన్నా. ఆ మాటల్లో మాత్ర సంగతి లేదు. అది విన్నాక గోడవైపు తిరిగి పడుకుని మళ్లీ మళ్లీ తలుచుకునేదాన్ని. మాత్ర ఎవరికి గుర్తుంటుంది?"

నేను మంచం పట్టె మీద కూలబడ్డాను. ఆవిడ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం. నువ్వు ఇక్కడ లేవని కోపం కూడా వచ్చింది.

తర్వాత ఆవిడే కళ్లు తుడుచుకుని అంది. "నాది నాకుంది, చాలు. నీది నా గదిలో వద్దు. నీ గదిలో పెట్టుకో. కాకపోతే తలుపు కొంచెం తీసి ఉంచుకో, అంతే."

నేను కొట్టేసిన వరసను మళ్లీ రాశాను, ఈసారి పూర్తి పేరుతో, మేడమ్.పిలుపు అని. నా గదిలోని పాత స్పీకర్ దుమ్ము తుడిచి తగిలించాను. వేళ ఆరు పెట్టాను. ఇవాళే మొదటి పొద్దు. తలుపు బార్లా తీసి, మెలకువగానే, కళ్లు మూసుకుని పడుకున్నాను.

"మేడమ్‌గారూ, తెల్లారింది. టీకి నీళ్లు పెట్టేశాను, మీరు పొడి వేసుకోవడమే తరువాయి. నన్ను తిట్టాలనుంటే ఇప్పుడే తిట్టేసుకోండి, సాయంత్రం వచ్చి వింటాను."

టీచరమ్మా, నిజంగానే నవ్వుతున్నాడు. నేను ఆ రోజుల్లో సగం నిద్రలో విని, నీళ్లు ఇగిరిపోతాయన్న కంగారులో వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. ఇవాళే తీరిగ్గా విన్నాను. పొయ్యి మీద నీళ్లు లేవు.

తిట్టాను. నోటికొచ్చినట్టు, గట్టిగా, చెప్పకుండా పోయినందుకు తిట్టాను. పక్కగదిలోంచి అత్తయ్య వద్దనలేదు. ఏడింటికి ఆవిడ పిలుపు వచ్చింది, ఈసారి "సరేరా" అంది, మాత్ర మింగింది.

రేపటి నుంచి నువ్వు ఆరింటికి కూడా ఫోన్ చెయ్యి. ఎత్తి స్పీకర్ పక్కన పెడతాను. మనం మాట్లాడుకోవద్దు, విని పెట్టేద్దాం.

పగలంతా యూనిఫారాలు కుట్టాను. చీకటి పడ్డాక వీధి తలుపు గడియ పెట్టబోతే, అత్తయ్య మంచంలోంచి "అప్పుడే వేసేస్తున్నావా" అంది. ఎందుకన్నదో నేను అడగలేదు. సాయంత్రం వచ్చి వింటానన్నాడు కదా. తలుపు తీసే ఉంచి, ఇద్దరం కాసేపు అలాగే కూర్చున్నాం.

నీ వదిన